ఎర్ర రింగు, మూడు కందెనలు

విశ్వవిద్యాలయ మహిళా వసతిగృహం,
విశాఖపట్నం,
జులై 1, 1999.

అన్నయ్యగారికి,

కీర్తిప్రియ నమస్కారాలు.

ఈ ఉత్తరాన్ని నరసాపురంలో మీరు రొయ్యల మేత కొనే కొట్టు చిరునామాకు పంపుతున్నాను. ఇంటికి పంపితే అమ్మ చదువుతుంది. తుపానునాడు చెరువు గట్టు మీదికి వెళ్ళిన నాన్నగారు తిరిగి రానప్పటి నుంచి ఆమె ముందు మనం తూము అన్న మాట ఎత్తడం లేదు. ఇప్పుడు ఎత్తవలసిన అవసరమూ కనిపించదు.

ఉత్తరంతో పాటు వస్తున్నది నీళ్ళలో పనిచేసే టార్చిలైటు. హార్బరు దగ్గర ఓడల సామాను అమ్మే కొట్టులో దొరికింది. ఎండాకాలం సెలవుల్లో మన చెరువు మీద పనిచేసే తాతాజీ అరచెయ్యి వల తీగకు చీరుకుపోవడం నా కళ్ళతో చూశాను. గట్టు మీద తూము నోటికి కట్టిన ఇటుక పెట్టెలోంచి దిగి, తూములో నడుము వంచుకుని, బయటి చేపలు రాకుండా అడ్డం పెట్టిన వల చట్రం దాకా వెళ్ళాలి. చట్రం అడుగు చూడాలంటే తల నీళ్ళలో ముంచాలి. మిట్టమధ్యాహ్నమైనా అక్కడ చీకటే. అమావాస్య పోటుకో, పున్నమి పోటుకో చెరువులోకి ఉప్పునీరు పెట్టే ముందు ఎవరో ఒకరు దిగి వల చూసి రావలసిందే. కనుక దిగే మనిషికి వెలుగు కావాలి. ఇంతవరకు మీకు అభ్యంతరం ఉండదు.

అసలు వాదం ఇప్పుడు మొదలవుతుంది. ఈ టార్చి తల భాగం మరలతో బిగుస్తుంది. మరల పక్కనున్న గాడిలో ఇటుక రంగు రబ్బరు రింగు ఉంటుంది. నీళ్ళను ఆపేది ఆ రింగు. కందెన నీళ్ళను ఆపదు. మూత తిప్పేటప్పుడు రింగు మెలిపడకుండా, చిట్లకుండా గాడిలో కూర్చునేట్లు చూస్తుంది, అంతే. ఈ తేడా తెలియనివాళ్ళు కందెన ఎంత ఎక్కువ పూస్తే అంత క్షేమం అనుకుంటారు. ఎక్కువ పూసిన కందెన ఇసుకను పట్టుకుంటుంది. ఆ ఇసుక రింగును కోస్తుంది.

మన ప్రాంతంలో ముగ్గురు ముద్దాయిలు ఉన్నారు. మొదటిది కొబ్బరినూనె. చలికాలం సీసాలోనే గడ్డకట్టే వస్తువును, పాతబడితే జిగురయ్యే వస్తువును మరలకు ఎలా నమ్మగలం? రెండోది వేజలీను, మూడోది మోటారు గ్రీజు. ఇవి రెండూ ముడి చమురు సంతానం. రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయని చదివాను. ముగ్గురినీ దోషులుగా ప్రకటిస్తున్నాను. నిర్దోషి సిలికోను గ్రీజు. ప్రయోగశాలలో గాజు మూతలకు రాసేది ఇదే. రసాయనశాస్త్రం చదివే నా గది స్నేహితురాలు దుర్గాశ్రీ ఒక చిన్న ట్యూబు ఇచ్చింది. ఇస్తూ ‘ఏ రబ్బరు?’ అని అడిగింది. రబ్బరుకు కూడా కులాలు ఉంటాయా అని నేను అడిగాను. భోజనాల బల్ల దగ్గర అందరూ నవ్వారు, ఆమె కంచం తీసుకుని లేచింది.

రింగును సబ్బునీళ్ళతో కడిగి, పీచు వదలని గుడ్డతో తుడిచి, బియ్యపు గింజంత గ్రీజు వేలితో రాయండి. రింగు మెరవాలి, మునగకూడదు. మరలకు అంతకన్నా తక్కువ. ఈ టార్చిలో కరెంటు మరల గుండానే నడుస్తుంది. అక్కడ మందంగా పూస్తే వెలుగు మిణుకుమంటుంది.

ఇలా చేస్తారా, చేయరా? అవుననో కాదనో రాయండి.

మీ చెల్లెలు,
కీర్తిప్రియ


తూర్పుమెరక,
నరసాపురం దగ్గర,
జులై 16, 1999.

చెల్లెమ్మగారికి,

శ్రీనివాసరాజు ఆశీస్సులండి.

మీ తీర్పు అందిందండి. కోర్టులో చదివినట్టు లేచి నిలబడి చదివాను. టార్చి అద్భుతంగా ఉంది. తొట్టెలో ముంచి చూశాం, లోపల చుక్క నీరు లేదు. మొన్న అమావాస్యకు దిగే మనిషికి వెలుగు బాగా వచ్చిందండి. చట్రం అడుగున కట్టు తీగలు కూడా కనిపించాయి.

పల్లంరాజు బాబాయిగారు చెరువు మీదికి వచ్చి చూశారు. తూము మనకూ ఆయనకూ ఉమ్మడి కాబట్టి టార్చి కూడా ఉమ్మడి అన్నట్టే పట్టుకున్నారు. ‘చెల్లెలు వైజాగు నుంచి ట్యూబులు పంపేదాకా ఆగాలా ఏంటి? మన రైసుమిల్లు ముప్పై ఏళ్ళుగా ఈ పచ్చ గ్రీజు మీదే తిరుగుతోంది, నీ చేతి లైటుకు చాలదా?’ అని ఒక డబ్బా పంపారు. అమ్మ కూడా చూసింది. చెరువు పాకలోకి కొన్నానని చెప్పాను. మూత కిర్రుమందని కొబ్బరినూనె సీసా తెచ్చింది. మీకు తెలుసుగా, మన ఇంట్లో కుట్టుమిషనుకైనా దేవుడి గది గడియకైనా అదే మందు.

మీరు ఏమీ బెంగ పెట్టుకోకండి. మీరు చెప్పినట్టే చేశామండి. అందరి మాటా దక్కింది.

భోజనం వేళకు తినండి. వాదిస్తూ తింటే పొలమారుతుంది.

ఉంటానండి,
శ్రీనివాసరాజు


విశాఖపట్నం,
జులై 24, 1999.

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివిన కొద్దీ నాకు నెమ్మది తగ్గింది.

‘మీరు చెప్పినట్టే చేశాం’ అన్నారు. తరువాతి వాక్యంలో ‘అందరి మాటా దక్కింది’ అన్నారు. ఈ రెండు వాక్యాలు ఒకే ఉత్తరంలో ఉండడానికి వీల్లేదు. నేను చెప్పినట్టు చేస్తే బాబాయిగారి మాట, అమ్మ మాట దక్కకూడదు. వారి మాట దక్కితే నేను చెప్పినట్టు చేయలేదు. మీరు అబద్ధం చెప్పారని అనను. మీరు ఎన్నడూ చెప్పరు. అందరికీ అనుకూలంగా మాట్లాడి, ఎవరికీ జవాబు చెప్పకుండా వదిలేస్తారు. పసిపిల్లను కూడా గారు అని పిలిచే ఇంట్లో పుట్టాం మనం. మనవాళ్ళు ఒకరిని నొప్పించడం కంటే ఒక ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకోవడం తేలిక అనుకుంటారు. మొన్న రాష్ట్రస్థాయి వక్తృత్వ పోటీలో మర్యాద గురించి ఇదే మాట అన్నాను. చప్పట్లు బాగా వచ్చాయి. మెట్లు దిగుతుంటే మీ ఉత్తరం గుర్తొచ్చింది.

కనుక సూటిగా అడుగుతున్నాను. రింగుకు ఏది రాశారు? మరలకు ఏది రాశారు? ఒకదాని మీద ఇంకొకటి రాశారా?

ఇంకొక ప్రశ్న. ఇది ముందే అడగవలసింది. నేను ‘దిగే మనిషి’ అని రాశాను. మీరూ ‘దిగే మనిషికి వెలుగు బాగా వచ్చింది’ అని రాశారు. చట్రం అడుగున కట్టు తీగలు కనిపించాయని కూడా రాశారు. అవి ఎవరికి కనిపించాయి? తాతాజీ అయితే తాతాజీ అని రాసేవారు. వేరే కూలీ అయితే అతని పేరు రాసేవారు. మీరు పేరు రాయలేదు.

పేరు రాయండి.

కీర్తిప్రియ


తూర్పుమెరక,
ఆగస్టు 29, 1999.

చెల్లెమ్మగారికి,

ఆశీస్సులండి. ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

దిగేది నేనేనండి.

సెలవుల్లో మీరు చెరువు పాక దగ్గర నిలబడి అన్న మాట మీకు గుర్తుండకపోవచ్చు. మీరు రోజుకు అలాంటివి చాలా అంటారు. తాతాజీ చేతికి కట్టు కడుతున్నాం. మీరు నా వైపు తిరిగి, ‘మీరు దిగలేని చోటికి ఇంకొక మనిషిని ఏ హక్కుతో పంపుతున్నారు అన్నయ్యగారూ?’ అన్నారు. బాబాయిగారు నవ్వేశారు. నేను అలాగేలెండి అన్నాను. తాతాజీ తల ఎత్తలేదు. తరువాతి అమావాస్యకు అతను నడుముకు తాడు కట్టుకుంటుంటే నాకు ఆ మాట అడ్డం వచ్చింది. తాడు విప్పించి నేను కట్టుకున్నాను. అప్పటి నుంచి నేనే. తాతాజీ పైన తాడు పట్టుకుని కూర్చుంటాడు. మీరు గెలిచారండి.

కందెన సంగతి కూడా రాస్తాను. రింగుకు మీ ట్యూబే. మరలకు బాబాయిగారి పచ్చ గ్రీజు. ఆయన వచ్చినప్పుడల్లా మూత విప్పి, తన గ్రీజు ఉందా లేదా అని చూస్తారు. అమ్మ నాకు తెలియకుండా పైన రెండు చుక్కల కొబ్బరినూనె వేస్తోంది. వాసనను బట్టి తెలుస్తుంది. ఒకరిది రాసి ఒకరిది మానేస్తే చిన్నబుచ్చుకుంటారు. చేతి లైటు కోసం మనుషుల్ని పోగొట్టుకుంటామా?

మొన్న పున్నమికి పైకి వచ్చాక చూస్తే అద్దం లోపల ఆవిరి పట్టి ఉంది. విప్పి ఎండలో పెట్టాను. రింగు కాస్త ఒళ్ళు చేసినట్టుంది. గాడిలో కూర్చోదు, ఒక పక్క పైకి లేస్తుంది. వేలితో నొక్కిపట్టి మూత బిగిస్తున్నాను. వెలుగుకు లోటు లేదు.

వచ్చే అమావాస్యకు దిగక తప్పదండి. చట్రం అడుగున వల చిరిగింది. ఆ చిరుగులోంచి పండుగప్ప చేపలు దూరితే రొయ్యపిల్లను మిగల్చవు. చిరుగు కట్టి, ఆ పోటుకు నీరు పెట్టకపోతే ఈ పంట లేనట్టే. వల చట్రంతో సహా పైనుంచి లేపుకునే షట్టరు పెట్టిద్దామని నాన్నగారి రోజుల్లోనే అనుకున్నాం. బాబాయిగారు వచ్చే ఏడు చూద్దాం అంటారు. నేను అలాగే అంటాను.

అమ్మకు తెలియనివ్వకండి. తను ఇంకా తాతాజీయే దిగుతున్నాడని అనుకుంటోంది.

శ్రీనివాసరాజు


విశాఖపట్నం,
సెప్టెంబరు 6, 1999.

అన్నయ్యగారూ,

మా తరగతి అశోక్ చవితికి పాలకొల్లు వెళ్తున్నాడు. టపాను నమ్మలేక, ఫోను చేస్తే అమ్మ ఎత్తుతుందని, ఇది అతని చేతికి ఇస్తున్నాను. నరసాపురం దాకా వచ్చి మేత కొట్టులో ఇస్తానని మాట ఇచ్చాడు. అందిన క్షణాన చదవండి. అమావాస్యకు దిగకండి.

రింగును ఉబ్బించింది బాబాయిగారి గ్రీజు కాదు. అది ఒక్కటే కాదు. నాది.

మీ ఉత్తరం రాగానే కొట్టువాడు ఇచ్చిన విడి రింగులు తీసుకుని దుర్గాశ్రీ దగ్గరికి వెళ్ళాను. నాలుగు గాజు గిన్నెల్లో నాలుగు పెట్టాం. ఒకటి సిలికోను గ్రీజులో, ఒకటి మోటారు గ్రీజులో, ఒకటి కొబ్బరినూనెలో. నాలుగోది ఉత్తదే, పోల్చి చూడడానికి. ఈ ఉదయం తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాం. మోటారు గ్రీజుది లావెక్కింది. సిలికోను గ్రీజుది అంతకంటే లావెక్కి మెత్తబడింది, గోటితో నొక్కితే గాటు పడింది. కొబ్బరినూనెలోది మాత్రం ఉత్త రింగు మీద సరిగ్గా కూర్చుంది.

ఆ ఇటుక రంగు రింగు సిలికోను రబ్బరట. సిలికోను గ్రీజు మామూలు నల్ల రబ్బరుకు మంచిదే. తన జాతి రబ్బరులోకి మాత్రం ఇంకిపోయి దాన్ని ఉబ్బిస్తుంది. ‘మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?’ అని దుర్గాశ్రీని అడిగాను. ‘ఏ రబ్బరు అని అడిగాను కదే. నువ్వు అందరినీ నవ్వించావు. ఇంక నేనేం చెప్పను?’ అంది.

లావెక్కిన రింగు గాడిలో పట్టదు. పైకి లేచిన పక్క మూతకు మరకు మధ్య నలిగి తెగుతుంది. మీరు వేలితో నొక్కి బిగిస్తున్నది దాన్నే. ఆవిరి అందుకే పట్టింది. ఈసారి పట్టేది ఆవిరి కాదు.

కవరులో కొత్త రింగు ఉంది. అయినా దిగకండి. పాత కందెన అంతా మరల్లో ఉంది, కడిగినా పూర్తిగా పోదు. పంట పోతే పోనివ్వండి.

రెండో సంగతి. మీరు గెలిచారండి అని రాశారు. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ రోజు నేను అన్నది గుర్తుంది. ప్రతి అక్షరమూ గుర్తుంది. అన్న తరువాత తాతాజీ ముఖం వైపు కాదు, బాబాయిగారి ముఖం వైపు చూశాను, మాట తగిలిందో లేదో అని. మీరు ఆ మాట మోసుకుని చీకట్లోకి వెళ్తారని అనుకోలేదు. మీరు దిగకండి అంటే తాతాజీని దింపండి అన్నట్టవుతుంది. దింపండి అంటే నా మాట నేనే మింగినట్టవుతుంది. ఇన్నాళ్ళూ కందెనల గురించి అంత పొడుగు ఉత్తరాలు ఎందుకు రాశానో ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఈ రెండింటి మధ్య మాట్లాడడానికి నాకు ఇంకేమీ దొరకలేదు.

వచ్చే నెల ఢిల్లీ పోటీకి పేరు వెనక్కి తీసుకుంటున్నాను. ఇక వేదిక ఎక్కను. ఎవరితోనూ వాదించను.

దిగకండి అన్నయ్యగారూ.

కీర్తి


తూర్పుమెరక,
సెప్టెంబరు 15, 1999.

అమ్మాయి కీర్తికి,

అమ్మ దీవెనలు. నా చేతిరాత చూసి కంగారు పడకు. మీ అన్నయ్య కులాసాగా ఉన్నాడు. కుడి చేతికి కట్టు ఉంది, అందుకని తను చెబుతుంటే నేను రాస్తున్నాను. నా మాట వచ్చినచోట నాదని రాస్తాను.

చెల్లెమ్మగారికి ఆశీస్సులండి. మీ ఉత్తరం నిన్ననే చదివాను. అశోక్ గారు అమావాస్య ముందురోజే కొట్టులో ఇచ్చి వెళ్ళారట. కొట్టాయన నేను ఎప్పుడొస్తే అప్పుడు ఇద్దామని గల్లాపెట్టెలో భద్రంగా దాచారు. ఆయనను ఏమీ అనలేం. ఇంటికి పంపవద్దని చెప్పింది మనమే.

అమావాస్య ఉదయం దిగాను. చట్రం దాకా వెళ్ళి తల ముంచాను. చిరుగు కనిపించింది. తీగ తీసి కట్టడం మొదలుపెట్టాను. ఇంతలో టార్చి మూత పక్క నుంచి సన్నగా బుడగలు వరస కట్టి లేచాయి. చూస్తుండగానే వెలుగు పచ్చబడింది, ఎర్రబడింది, పోయింది. తల ఎత్తాను. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. తాడు చట్రానికి ఎక్కడో చుట్టుకుంది. లాగాను గాని పైకి కబురు వెళ్ళలేదు. చెయ్యి చిరిగిన తీగల్లో ఇరుక్కుంది, లాగిన కొద్దీ లోతుగా కోసుకుంది. నీళ్ళు గడ్డం దగ్గర ఉన్నాయి. కాసేపటికి కాళ్ళకు చల్లగా తగిలింది. సముద్రపు నీరు. పోటు మొదలైందని అలా తెలిసింది. నాన్నగారు గుర్తొచ్చారు. అమ్మ కూడా గుర్తొచ్చింది. మేత కోసం వెళ్తున్నానని చెప్పి వచ్చాను, నేను భీమవరంలో ఉన్నానని అనుకుంటూ ఉంటుంది కదా అనుకున్నాను.

ఇది నా మాట. ఆ వేళ నేను అలాగే అనుకుంటూ ఉన్నాను. ఆ ఉదయమే నువ్వు ఫోను చేశావు. అన్నయ్య ఉన్నాడా అన్నావు. మేత కోసం భీమవరం వెళ్ళాడమ్మా అన్నాను. నువ్వు పెద్దగా ఊపిరి వదిలావు. ఏంటమ్మా సంగతి అంటే, ‘ఏం లేదమ్మా, ఊరికే చేశాను’ అన్నావు. కాలేజీలో నీ నోటికి భయపడతారని అశోక్ చెప్పాడు. చవితినాడు మనింటికి వచ్చి ఉత్తరం అందిందా అని అడిగాడు. నాకు అన్నీ తెలిసింది అప్పుడే. ఇద్దరూ నా దగ్గర దాచారు. దాచడంలో ఒకరు చెప్పింది ఒకరు నమ్మారు. మళ్ళీ మీ అన్నయ్య మాట రాస్తున్నాను.

తాడు ఎంతసేపటికీ కదలకపోయేసరికి తాతాజీ పిలవకుండానే దిగాడండి. ఎండాకాలంలో చీరుకుపోయిన ఆ చేత్తోనే నా చెయ్యి తడిమి పట్టుకుని, తీగ వంచి విడిపించాడు. ఇద్దరం గట్టు మీద పడ్డాం. తరువాత అతను అన్న మాట మీకు యథాతథంగా చేర్చాలి. ‘బాబుగారూ, నన్ను మాన్పించే ముందు ఒక్క మాట అడగాల్సిందండి. ఇద్దరం దిగేవాళ్ళం కదా. ఒకడు లోపల, ఒకడు పెట్టె దగ్గర.’ నిజమే. ఆ రోజు మీరు అతని గురించి మాట్లాడారు, నేను అతని గురించి అలాగే అన్నాను. అతన్ని మాత్రం ఎవరమూ అడగలేదు.

ఈ పంట లేదండి. వల కట్టలేదు, నీరు పెట్టలేదు.

నిన్న బాబాయిగారు పరామర్శకు వచ్చారు. తన పచ్చ గ్రీజు ఒక్కటే రాసి ఉంటే ఇలా అయ్యేది కాదన్నారు. వచ్చే పున్నమికి తన తరఫు మనిషిని ఒకణ్ణి దింపి వల కట్టిస్తానన్నారు. షట్టరు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. నేను, ‘లేదండి బాబాయిగారూ. పైనుంచి లేపే షట్టరు పడేదాకా ఆ తూములో ఎవరూ దిగరు. మా వైపు నుంచీ దిగరు, మీ వైపు నుంచీ దిగరు’ అన్నాను.

ఇది నా మాట. బాబాయిగారు ఆ తరువాత కూడా ఎదురుచూశారు, ఎప్పటిలా చివర్లో అలాగేలెండి అంటాడేమోనని. అనలేదు. కాఫీ చల్లారిపోయింది. వెళ్తూ వెళ్తూ మేస్త్రీని పంపిస్తాను, కొలతలు తీసుకోనీ అన్నారు. కోపంగానే అన్నారు. మేస్త్రీ ఇవాళ వచ్చాడు.

చెల్లెమ్మగారూ, మీరు ఢిల్లీ వెళ్ళనని, ఇక వాదించనని రాశారు. వద్దు. అలా చేయవద్దు. నన్ను తూములోకి పంపింది మీ మాట కాదండి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం చేతకాక, అలాగే అని తాడు కట్టుకున్నాను. కాదు అనడం ఇంత ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు నోరు మూసుకుంటే నేను ఎవరితో కాదు అనాలి? వెళ్ళండి. వాదించండి.

ఇంక ఇది నా మాట. నా కొబ్బరినూనెలో రింగు ఉబ్బలేదని రాశావు. ఆ ఒక్క వాక్యం మీ అన్నయ్య చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఇకమీద ఉత్తరాలు ఇంటికి రాయి.

సుభద్రమ్మ


విశాఖపట్నం,
సెప్టెంబరు 22, 1999.

అమ్మకు, అన్నయ్యగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం ఇంటికే వస్తోంది. ఎవరు ముందు విప్పినా ఫరవాలేదు.

అమ్మా, ఆ ఉదయం ఫోనులో నువ్వు భీమవరం అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఇంక నీకు చెప్పి భయపెట్టడం ఎందుకు అనిపించింది. ఆ క్షణంలో అది నీ మీద దయ అనుకున్నాను. జులైలో అన్నయ్యగారికి ఇదే గుణం గురించి ఒక ఉత్తరం నిండా రాశాను, అద్దంలో చూసుకోకుండా. మీరిద్దరూ దాన్ని దాచి ఉంటే దయచేసి చించేయకండి. సెలవులకు వచ్చినప్పుడు మళ్ళీ చదువుకోవాలి.

తాతాజీగారు నా గురించి ఏమన్నారో మీరు రాయలేదు. ఏమీ అనకపోయి ఉండవచ్చు. షట్టరు ఎలా ఉంటే బాగుంటుందో, ఎటు నిలబడి లేపితే చేతికి అనువుగా ఉంటుందో ఆయనను అడగండి. మేస్త్రీ కొలతలు తీసుకున్నాక కాదు, తీసుకోకముందే. తీసుకుని ఉంటే మళ్ళీ తీయించండి.

కవరులో రెండు నల్ల రింగులు ఉన్నాయి. టార్చి గట్టు మీద వానకైనా పనికొస్తుంది. ఈ రబ్బరుకు బాబాయిగారి గ్రీజు కూడా పడుతుందని పుస్తకంలో ఉంది. అయినా పుస్తకాన్ని నమ్మి పంపడం లేదు. దుర్గాశ్రీ చెప్పినట్టు అన్నింటిలోనూ నానబెట్టి, పేర్చి చూశాకే పంపుతున్నాను. ఈసారి ఆమె ఏ రబ్బరు అని అడిగినప్పుడు నేను తెలియదు అన్నాను. ఏదో ఒకటే రాయండి. మూడూ కలపకండి. ఎవరు చిన్నబుచ్చుకున్నా సరే.

ఢిల్లీ సంగతి. మీరు మానవద్దన్నారు కనుక నా పేరు మళ్ళీ ఇచ్చి వచ్చాను. అలాగేనండి, అన్నయ్యగారూ.

మూత బిగించాక టార్చిని ఒకసారి బకెట్టులో ముంచి, వెలిగించి చూడండి. చూశానని రాయకండి. ఏం కనిపించిందో రాయండి.

కీర్తిప్రియ